నూటికి నాలుగు రూపాయల వడ్డీ: యువ వేతన జీవుల అప్పుల లెక్క

న్యూఢిల్లీ: రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటును నాలుగు విడతలుగా తగ్గించింది. ఏడాది ఆరంభంలో 6.5 శాతంగా ఉన్న రేటు డిసెంబరు నాటికి 5.25 శాతానికి దిగింది. ఇంటి కోసం అప్పు చేసిన లక్షలాది కుటుంబాలకు ఆ మేరకు ఊరట లభించింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే చర వడ్డీ గృహ రుణాలను రెపో వంటి బాహ్య ప్రామాణిక రేటుతో ముడిపెట్టడమే అందుకు కారణం. అయితే ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్లు గడిచిన యువతీ యువకుల్లో అత్యధికులకు గృహ రుణం ఉండదు. వారి మెడకు చుట్టుకున్నవి క్రెడిట్ కార్డు బకాయి, ఫోన్ వాయిదా, యాప్ ద్వారా తీసుకున్న చిన్న రుణం, చదువు కోసం చేసిన అప్పు. వీటిలో మొదటి మూడింటికీ రెపో రేటుతో నేరుగా సంబంధం లేదు. ద్రవ్య విధాన సమీక్షలో ఏ నిర్ణయం వెలువడినా కార్డు మీద వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం దగ్గరే నిలిచి ఉంటోంది.

తెలుగు పల్లెల్లో వడ్డీని ఏడాది శాతాల్లో చెప్పుకోరు. నెలకు నూటికి ఎన్ని రూపాయలన్నదే లెక్క. రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు. రెండు రూపాయలు సర్వసాధారణం. మూడు దాటిందంటే అప్పు తీసుకున్నవాడి గతి ఏమవుతుందోనని చుట్టుపక్కలవారు ఆందోళన పడతారు. ఈ పాత కొలమానంతో చూస్తే నగరంలోని క్రెడిట్ కార్డు అసలు రూపం వెంటనే బయటపడుతుంది. నెలకు 3.5 శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. బ్యాంకులు ఇచ్చే ఇతర రుణాల వడ్డీకి జీఎస్టీ మినహాయింపు ఉన్నప్పటికీ కార్డు వడ్డీకి ఆ వెసులుబాటు లేదు. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్లో ఎవరైనా ఇదే వడ్డీకి అప్పు ఇస్తే అతడికి ఏ పేరు పెడతారో తెలిసిందే.

ఈ వడ్డీకి పరిమితి విధించే ప్రయత్నం గతంలో జరగకపోలేదు. ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీ రేట్ల నియంత్రణ రిజర్వు బ్యాంకు పరిధిలోని అంశమని, కమిషన్ అందులో జోక్యం చేసుకోజాలదని స్పష్టం చేసింది. రిజర్వు బ్యాంకు మాత్రం వడ్డీ అధికంగా ఉండరాదని చెప్పడమే తప్ప అంకె రూపంలో పరిమితి విధించలేదు.

కనీస చెల్లింపు అనే ఊబి

కార్డు బిల్లులో రెండు మొత్తాలు కనిపిస్తాయి. మొదటిది చెల్లించవలసిన మొత్తం బకాయి. రెండవది మినిమమ్ డ్యూ, అంటే కనీస చెల్లింపు. బిల్లు చేతికి అందిన క్షణంలో రెండవ అంకె ఎంతో దయగా తోస్తుంది. రూ.80 వేల బకాయి ఉన్న వ్యక్తికి కనీస చెల్లింపు 5 శాతం అనుకుంటే అది రూ.4 వేలే. అందులో రూ.2,800 వడ్డీకి, రూ.504 జీఎస్టీకి పోతాయి. అసలుకు జమయ్యేది రూ.696 మాత్రమే. కార్డును మళ్లీ ఒక్కసారైనా వాడకుండా, ప్రతి నెలా క్రమం తప్పకుండా ఆ 5 శాతం చెల్లిస్తూ పోతే ఏడాదిలో జేబు నుంచి పోయేది సుమారు రూ.45,700. తగ్గే అప్పు దాదాపు రూ.8 వేలు. అంటే ఏడాది పొడవునా చెల్లించిన తర్వాత కూడా రూ.72 వేల బకాయి మిగిలే ఉంటుంది.

వాస్తవంలో కార్డు వాడకం ఆగదు. అక్కడే చాలామందికి తెలియని నిబంధన ఒకటి ఉంది. మొత్తం బకాయి తీర్చనివారికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొత్తగా కొన్న వస్తువుపై కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కనీస మొత్తం చెల్లిస్తూ పోతే బకాయి నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లుపైనే ముద్రించాలని రిజర్వు బ్యాంకు 2022లో జారీ చేసిన ఆదేశాలు నిర్దేశిస్తున్నాయి. కనీస చెల్లింపు వడ్డీకి కూడా చాలనంత తక్కువగా ఉండి అసలు పెరిగే పరిస్థితి రాకూడదని కూడా అవే ఆదేశాలు చెబుతున్నాయి. పై ఉదాహరణలోని రూ.696 ఆ నిబంధనను అక్షరాలా పాటించినట్లే. అప్పు పెరగడం లేదు. తీరడమూ లేదు.

ఇదే రూ.80 వేలను ఏడాదికి 16 శాతం వడ్డీపై, 24 నెలల గడువుతో వ్యక్తిగత రుణంగా మార్చుకుంటే నెలవారీ వాయిదా సుమారు రూ.3,917 అవుతుంది. అంటే కనీస చెల్లింపు కంటే రూ.83 తక్కువ. ప్రాసెసింగ్ రుసుమును పక్కన పెడితే రెండేళ్లలో పడే మొత్తం వడ్డీ రూ.14 వేల చిల్లర. రెండేళ్ల తర్వాత బకాయి సున్నా. నెలకు వెచ్చించే సొమ్ము రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు ఒక్కటే. ఫలితం మాత్రం భూమికి, ఆకాశానికి ఉన్నంత భిన్నం. యువత దుబారా గురించి జరుగుతున్న చర్చలో ఈ తేడాకు తగిన స్థానం దక్కడం లేదు. పొదుపుగా బతికే వ్యక్తి కూడా తప్పుడు రూపంలోని అప్పును మోస్తుంటే ఎంత చెల్లించినా మునుగుతూనే ఉంటాడు.

సమస్య ఏమిటంటే 16 శాతం రుణం అవసరమైనవారికి అది దొరకదు. రెండు వాయిదాలు తప్పినా స్కోరు పడిపోతుంది. స్కోరు పడిపోయినవారి దరఖాస్తును బ్యాంకులు తిరస్కరిస్తాయి. అప్పుడు వారి చూపు యాప్‌లవైపు మళ్లుతుంది. అందువల్ల ఈ మార్పిడి చేసుకోవలసిన సమయం వాయిదాలు తప్పిన తర్వాత కాదు, ఇంకా సక్రమంగా చెల్లిస్తున్నప్పుడే. అప్పటికే ఆలస్యమైతే కార్డు ఇచ్చిన బ్యాంకునే బకాయిని వాయిదాలుగా మార్చమని అడగవచ్చు. ఆ వాయిదాల వడ్డీపై జీఎస్టీ తప్పకపోయినా సాధారణ కార్డు వడ్డీ కంటే రేటు గణనీయంగా తక్కువగా ఉంటుంది.

ఒక జీతం, నాలుగు అప్పులు

హైదరాబాద్‌లో నెలకు రూ.38 వేలు చేతికందే 26 ఏళ్ల ఉద్యోగిని ఉదాహరణగా ఊహించుకుందాం. ఇంజినీరింగ్ కోసం తీసుకున్న విద్యారుణం రూ.6 లక్షలు. 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువుకు వాయిదా సుమారు రూ.8,100. ఫోన్ వాయిదా రూ.3 వేలు, ఇంకా నాలుగు నెలలు ఉంది. కార్డుపై రూ.80 వేల బకాయికి కనీస చెల్లింపు రూ.4 వేలు. చెల్లెలి పెళ్లికి హడావుడిగా యాప్ నుంచి తీసుకున్న రూ.25 వేలకు 30 శాతం వడ్డీపై ఆరు నెలల వాయిదా రూ.4,540. మొత్తం రూ.19,640. జీతంలో సగానికి పైగా ఒకటో తారీఖునే పోయింది. మిగిలిన దానిలోంచే హాస్టల్ అద్దె, భోజనం, బస్సు ఖర్చు, ఇంటికి పంపవలసిన డబ్బు.

ఈ చిత్రంలో అతిశయోక్తి లేదు. పెద్ద ఐటీ సంస్థల్లో కొత్తగా చేరేవారి వార్షిక వేతనం దశాబ్దానికి పైగా రూ.3 లక్షలు, రూ.4 లక్షల మధ్యే తచ్చాడుతోంది. అద్దెలు, ఫీజులు అలా ఆగలేదు. రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో విడుదల చేసిన ఆర్థిక స్థిరత్వ నివేదిక ప్రకారం, రూ.50 వేల లోపు వ్యక్తిగత రుణం కొత్తగా తీసుకున్నవారిలో సుమారు 11 శాతం మందికి అప్పటికే గడువు మీరిన మరో వ్యక్తిగత రుణం ఉంది. వారిలో 60 శాతానికి పైగా ఆ ఆర్థిక సంవత్సరంలోనే మూడుకు మించి రుణాలు తీసుకున్నారు. ఒక అప్పు తీర్చడానికి మరొకటి అన్న మాట సామెతగా కాక గణాంకంగా కనిపించేది ఇక్కడే. రుణగ్రహీతల తలసరి అప్పు 2023 మార్చిలో రూ.3.9 లక్షలు ఉండగా 2025 మార్చి నాటికి రూ.4.8 లక్షలకు పెరిగిందని 2025 జూన్ నివేదిక వెల్లడించింది.

ఏ అప్పు ముందు తీర్చాలన్న విషయంలో రెండు వాదాలున్నాయి. వడ్డీ అధికంగా ఉన్నదాన్ని ముందు తీర్చడం లెక్క ప్రకారం లాభం. చిన్న అప్పును ముందు మూసివేస్తే మనసుకు ధైర్యం చిక్కుతుందని రెండో వాదం. భారతీయ యువ ఉద్యోగి విషయంలో ఈ వివాదం చాలావరకు పుస్తకాలకే పరిమితం. యాప్ అప్పులు చిన్నవీ, అధిక వడ్డీవీ కూడా కావడమే దానికి కారణం. పై ఉదాహరణలో కార్డు బకాయిని 16 శాతం రుణంగా మార్చుకున్నాక మిగిలే క్రమం తేటతెల్లం. నాలుగు నెలల్లో ఫోన్ వాయిదా ముగుస్తుంది. ఆ రూ.3 వేలు కొత్త రుణానికి అదనంగా చేరతాయి. ఆరో నెలలో యాప్ అప్పు తీరుతుంది. ఆ రూ.4,540 కూడా అటే మళ్లుతాయి. ఇలా సాగితే రెండేళ్ల రుణం ఇంచుమించు ఏడాదిలోనే ముగిసిపోతుంది. జ్వరం, ఉద్యోగ మార్పు, ఇంట్లో అవసరం వంటివి ఏవీ రావని అనుకుంటేనే సుమా. ముందస్తు చెల్లింపుపై రుసుము ఎంతో రుణం తీసుకునేటప్పుడే చూసుకోవాలి. వ్యాపారేతర అవసరాలకు వ్యక్తులు తీసుకునే చర వడ్డీ రుణాలపై ఆ రుసుము వసూలు చేయరాదన్న నియమం 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాలకు వర్తిస్తుంది. అయితే వ్యక్తిగత రుణాల్లో అధికభాగం స్థిర వడ్డీవే.

విద్యారుణాన్ని అందరికంటే చివర ఉంచడంలో తప్పు లేదు. దాని వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80ఇ సెక్షన్ కింద ఎనిమిదేళ్ల వరకు వడ్డీ మొత్తంపై మినహాయింపు కూడా లభిస్తుంది. కొత్త పన్ను విధానంలో ఆ సౌకర్యం లేదు. తల్లిదండ్రులు హామీదారులుగా ఉన్న రుణం కావడంతో అనేకమంది యువతీ యువకులు దాన్నే ముందు తీర్చాలన్న తాపత్రయంతో కార్డుపై కనీస చెల్లింపుతో సరిపెడుతుంటారు. ఆ గౌరవ భావన అర్థం చేసుకోదగినదే అయినా ఖరీదైనది. కట్టవలసిన వాయిదా మాత్రం తప్పకూడదు. అది తప్పితే తల్లిదండ్రుల స్కోరు కూడా దెబ్బతింటుంది.

అమ్మ నగలు తాకట్టు పెట్టి కార్డు బకాయి తీర్చడం తెలుగు ఇళ్లలో మరో పరిష్కారం. నాలుగు రూపాయల వడ్డీ స్థానంలో రూపాయి చిల్లర వడ్డీ వస్తుంది కాబట్టి లెక్కలో తప్పు పట్టలేం. కానీ హామీ లేని అప్పు హామీ ఉన్న అప్పుగా మారుతుంది. కార్డు బకాయి ఎగవేస్తే స్కోరు పోతుంది. బంగారు రుణం ఎగవేస్తే వస్తువు వేలానికి వెళుతుంది. వాయిదాలుగా కాక గడువు చివర ఒకేసారి చెల్లించే పద్ధతి ఎంచుకుంటే ఆ ప్రమాదం మరింత ఎక్కువ.

యాప్‌ల ముఖద్వారం

2020 డిసెంబరులో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఫోన్‌లోని కాంటాక్టులన్నింటినీ తస్కరించి, బంధుమిత్రులకు అవమానకర సందేశాలు పంపడం అప్పటి వసూలు పద్ధతి. మరుసటి నెలలోనే రిజర్వు బ్యాంకు కార్యబృందాన్ని నియమించింది. దేశంలో ఆండ్రాయిడ్ వినియోగదారులకు అందుబాటులో ఉన్న దాదాపు 1,100 రుణ యాప్‌లలో 600 అక్రమమైనవని ఆ బృందం తేల్చింది.

దాని సిఫార్సుల నుంచి పుట్టిన నిబంధనలు 2022 సెప్టెంబరులో వచ్చాయి. 2025 మేలో మరింత సమగ్రంగా వెలువడ్డాయి. రుణం సొమ్ము నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వ్యయ శాతాన్ని ముందుగానే పత్రం రూపంలో తెలపాలి. కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి యాప్ వెళ్లరాదు. మనసు మార్చుకుంటే కనీసం ఒక రోజు గడువులో జరిమానా లేకుండా రుణాన్ని తిరిగి ఇచ్చివేయవచ్చు. నియంత్రిత సంస్థలతో ఒప్పందమున్న యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. జాబితాలో లేని యాప్ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకపోవడం మంచిది.

వార్షిక వ్యయ శాతం అన్న ఒక్క అంకె ఎంత చెబుతుందో చూద్దాం. నెలకు 2 శాతమే వడ్డీ అని ఒక యాప్ ప్రకటిస్తుంది. రూ.10 వేలు నెల రోజులకు తీసుకుంటే ప్రాసెసింగ్ రుసుము రూ.800, దానిపై జీఎస్టీ రూ.144 ముందే కోసుకుని రూ.9,056 ఖాతాలో వేస్తుంది. నెల తిరిగేసరికి చెల్లించవలసింది రూ.10,200. చేతికందిన సొమ్ముపై అదనంగా కట్టింది రూ.1,144. అంటే నెలకు 12.6 శాతం, ఏడాది లెక్కన 150 శాతం పైమాటే. రెండు రూపాయల వడ్డీ అనుకున్నది పన్నెండున్నర రూపాయలైంది.

2023 నవంబరులో రిజర్వు బ్యాంకు హామీ లేని వినియోగ రుణాలపై నష్టభయ భారాన్ని 100 శాతం నుంచి 125 శాతానికి పెంచింది. బ్యాంకుల కార్డు బకాయిలపై అది 125 నుంచి 150 శాతానికి చేరింది. దాంతో అప్పు ఇచ్చే వేగం కొంత మందగించింది. అయితే వీటన్నింటిలో ఒక పోలిక గమనించదగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో తలెత్తిన సూక్ష్మరుణ సంక్షోభం తర్వాత ఆ రంగం నిబంధనలు దశలవారీగా కఠినమయ్యాయి. ఏడాదికి రూ.3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి సూక్ష్మరుణం ఇచ్చేటప్పుడు అన్ని వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయంలో 50 శాతం మించకూడదని 2022 ఆదేశాలు చెబుతున్నాయి. ఏడాదికి రూ.5 లక్షలు సంపాదించే ఒంటరి ఉద్యోగికి వ్యక్తిగత రుణాల విషయంలో అటువంటి స్థిర పరిమితి లేదు. పై ఉదాహరణలోని యువకుడు 50 శాతం గీత దాటిన రోజున అతడిని ఆపే నిబంధన ఏదీ అడ్డు రాలేదు.

చెల్లించలేని స్థితి వస్తే

అప్పు కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు, సివిల్ వివాదం. ఈ మాట ఎంత నిజమో, దానికి ఉన్న మినహాయింపు కూడా అంతే ముఖ్యం. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరస్కరణకు గురైతే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టంలోని 25వ సెక్షన్ కింద, చెక్కు చెల్లని సందర్భంలో మాదిరిగానే ఫిర్యాదు చేసే అవకాశం రుణదాతకు ఉంది. అందువల్ల ఫోన్ ఆపేసుకుని కూర్చోవడం కంటే వాయిదా తేదీకి ముందే రాతపూర్వకంగా గడువు అడగడం మేలు. వసూలు ప్రతినిధులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయరాదు. కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించరాదు. అలా చేస్తే మొదట ఆ సంస్థకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. అక్రమ యాప్‌ల బెదిరింపులకు 1930 సైబర్ సహాయ నంబరు, మానసిక ఒత్తిడికి లోనైనవారికి 14416 టెలీ మానస్ నంబరు ఉన్నాయి.

బకాయిలో కొంత తగ్గించి ఖాతా మూసివేసే రాజీ ఒప్పందం చాలామందికి ఆఖరి ఆశగా కనిపిస్తుంది. ఆ ఖాతా క్రెడిట్ నివేదికలో పూర్తిగా తీరినదిగా కాక సెటిల్ అయినదిగా నమోదవుతుంది. 2023 జూన్ నిబంధనల ప్రకారం రాజీ కుదిరిన వ్యక్తికి కనీసం 12 నెలల వరకు ఆ సంస్థ కొత్త రుణం ఇవ్వరాదు. వ్యవసాయ రుణాలకు మాత్రమే ఇందులో మినహాయింపు. ఉద్యోగం పోయి, మరో దారి లేనప్పుడు ఇది సమంజసమే. చేతిలో జీతం ఉండి, రాయితీ కోసం కావాలని వాయిదాలు ఆపేయమని సలహా ఇచ్చే దళారుల మాట వినడం మాత్రం కోరి కష్టాలు తెచ్చుకోవడమే. ఏ విధంగా ముగించినా బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకుని, నివేదికలో నమోదు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. పొరపాటుపై ఇచ్చిన ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి.

ఇక అసలు ఏ విధంగానూ తీర్చలేనివారి మాట. ‘ఐపీ పెట్టాడు’ అన్న పలుకుబడి తెలుగువారందరికీ సుపరిచితం. ఆ ఐపీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్. రూ.500 అప్పు ఉన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చని రాసిన చట్టమది. దాని స్థానంలో ఆధునిక పద్ధతి తేవాలని 2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ప్రత్యేక భాగాన్ని చేర్చారు. రుణ వసూలు ట్రైబ్యునల్ పర్యవేక్షణలో చెల్లింపు ప్రణాళిక, అతి పేదలకు అప్పుల రద్దుతో కొత్త ఆరంభం అందులోని ప్రధానాంశాలు. 2019 డిసెంబరులో ఆ భాగాన్ని కంపెనీల రుణాలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమల్లోకి తెచ్చారు. సాధారణ వేతన జీవికి అది వర్తించదు. కొత్త ఆరంభం అర్హత కూడా వార్షికాదాయం రూ.60 వేలు, అప్పు రూ.35 వేలు మించనివారికే. పై ఉదాహరణలోని యువకుడి కార్డు బకాయి ఒక్కటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ. 2025 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు దృష్టి ప్రధానంగా కంపెనీల దివాలా ప్రక్రియపైనే ఉంది. ఫోన్ తెరపై ఐదు నిమిషాల్లో అప్పు పుట్టే దేశంలో, ఆ అప్పు తీర్చలేని వ్యక్తి న్యాయస్థానం మెట్లెక్కితే నేటికీ అతడి చేతిలో ఉండేది ఆ 1920 నాటి చట్టమే.